రిమోట్ చూడని చెయ్యి

వనపర్తిలో బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్‌కు పోయే సందులో నా టైలరింగ్ షాపు ఉంది. పక్క షట్టర్ కురుమయ్యది. ఇప్పుడది సెల్‌ఫోన్లకు గ్లాసులు, కవర్లు వేసే దుకాణం. బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది. అయినా ఈ చుట్టుపక్కల ఎవరిని అడగాలన్నా 'గేమ్ కురుమయ్య' అనే అడగాలి. ఆటలు మూతపడి ఏళ్లయినా పేరు మాత్రం ఊడలేదు. జనం ఒకసారి పేరు అంటించారంటే గీకినా పోదు.

నా పేరు నవనీత. ఆడవాళ్లకు రైకలు కుడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని సందంతా చెప్పుకుంటారు. పాత రైక కొలతకిచ్చి, ఈలోపు తాము లావెక్కి, కుట్టింది బిగుతయిందని నన్ను తిట్టేవాళ్లతో రోజూ మాట్లాడితే ఎవరికైనా అక్కడికే వస్తుంది. కురుమయ్యతో నేను చాలా ఏళ్లు గోడ పంచుకున్నాను, పోట్లాటలు కూడా పంచుకున్నాను. అతని గురించి చెప్పడానికి ఆ మాత్రం చాలనుకుంటాను.

అతనిది వీపనగండ్ల దగ్గర పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే మొగులు వైపు చూపు. అక్క బాలనాగమ్మను గద్వాల అవతల సీడు పత్తి పండించే ఊరికిచ్చారు. బావ వెంకటన్న నెమ్మదైన మనిషి. బడికి సెలవులిస్తే చాలు, కురుమయ్య అక్క ఇంట్లో ఉండేవాడు. సీడు పత్తిలో క్రాసింగు పని చూసినవాళ్లకు తెలుసు, అది చేతులతో కాదు, వేళ్లతో చేసే పని. సాయంత్రం మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి గోటితో గిల్లి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. తెల్లవారాక మగపువ్వు తెచ్చి ఆ ఎర్ర గుర్తున్న ప్రతి మొగ్గకూ రుద్దాలి. గట్టిగా రుద్దితే మొగ్గ రాలిపోతుంది, మెల్లగా రుద్దితే కాయ పట్టదు. బాలనాగమ్మ వెనక సాలు పట్టిన ఆడవాళ్లు ఆమెను అందుకోలేక రొప్పేవాళ్లట. "మా అక్క చేతులకు కండ్లున్నయి చెల్లె" అని కురుమయ్య నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఇంటర్ తప్పాక అతను హైదరాబాదులో ఒక మాల్‌లో, పిల్లలు ఆడుకునే చోట పనికి కుదిరాడు. అక్కడే చూశాడు, చెయ్యి ఊపితే ఆడే గేమును. అంతకుముందు గేమంటే కుర్చీలో కూలబడి, గుండీలున్న పెట్టె పట్టుకుని బొటనవేళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కడమే. ఇది అట్లా కాదు. చేతిలో రిమోట్ పట్టుకుని నిలబడి, నిజంగా బ్యాట్ ఊపినట్టు ఊపితే టీవీలో బొమ్మ బ్యాట్ ఊపుతుంది. కురుమయ్యకు అది ఆటలా కనిపించలేదు. ఇకముందు మనిషి ఏ పని చేసినా మిషన్ చూసి అర్థం చేసుకుంటుందని, ఇది మొదలు మాత్రమేనని అనుకున్నాడు. పాతది ఒకటి కొనుక్కొచ్చి నా పక్కన షట్టర్ తీశాడు.

మొదటి వారం సందు సందంతా అక్కడే. టెన్నిస్ ఆడుతూ ఒకడు ట్యూబ్‌లైటు పగలగొట్టాడు, ఇంకొకడు పక్కవాడి పండ్లు రాలగొట్టబోయాడు. ఆ గోలకు నా సూది దారి తప్పుతోందని నేను గోడ మీద కత్తెరతో కొట్టేదాన్ని. ఒకరోజు మార్కెట్ యార్డులో హమాలీ చేసే రాములు వచ్చాడు. మనిషి బస్తాలు మోసి మోసి ఇనుములా ఉంటాడు. కాలు వెనక్కి పెట్టి, నడుము తిప్పి, భుజం నుంచి చెయ్యి విసిరి చూడముచ్చటగా ఆడాడు. ఎదురుగా ఒక పిల్లగాడు స్టూలు మీద కూర్చుని, శనగలు నములుతూ, మణికట్టును అటొకసారి ఇటొకసారి ఆడించాడు. రాములు చిత్తుగా ఓడిపోయాడు. చెమట తుడుచుకుని రిమోట్ బల్ల మీద పెట్టి, "దీనికి మనిషితోని పని లేదన్నా, మణికట్టుంటే సాలు" అన్నాడు.

అందరూ నవ్వారు. కురుమయ్య నవ్వలేదు. అంతలో ఆ కిటుకు మిగతా పిల్లలకూ తెలిసిపోయింది. నిలబడి ఆడేవాడు పిచ్చివాడు, కూర్చుని మణికట్టు ఆడించేవాడు తెలివైనవాడు. కురుమయ్యకు ఒళ్లు మండి స్టూళ్లన్నీ తీసి నా షాపులో పడేశాడు. పిల్లలు గోడకానుకుని మణికట్టు ఆడించారు. తర్వాత వాళ్లకు విసుగొచ్చింది, మళ్లీ గుండీల పెట్టెలే అడిగారు.

అయినా అతను ఊరుకోలేదు. తర్వాత రిమోటే అక్కర్లేని మిషన్ వచ్చింది. టీవీ ముందు కెమెరా పెడితే అదే మనిషిని చూస్తుంది. అదీ తెచ్చాడు. దానికి ముందు బారెడు జాగా కావాలి, ఇతని షట్టరేమో అగ్గిపెట్టె. అది మనిషిని వదిలేసి, మేకుకు వేలాడే ప్యాంటును మనిషనుకునేది. ప్యాంటు ఆట గెలిచిందని పిల్లలు నెలంతా నవ్వుకున్నారు. మిషన్ మూటకట్టి ఇంట్లో అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, కరోనా వచ్చింది, గేమ్ షాపు ఫోన్ల షాపయింది. అట్లాంటి మిషన్లు చేసేవాళ్లు కూడా చేయడం మానేశారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని ముఖం సగం కట్టి ఆపేసిన ఇల్లు చూపించేవాడి ముఖంలా ఉండేది.

"సగం దాంక వచ్చి ఆగిండ్రు చెల్లె. ఇంక జర ముందుకు పోతే మనిషిని మనిషి లెక్క చూస్తుండె అది" అనేవాడు.

"అది చూస్తే ఏమొస్తది, చూడకపోతే ఏం పోతది కురుమన్నా?" అని నేను విసుక్కునేదాన్ని. అప్పటికి నాకు దాని అవసరం ఏమిటో నిజంగానే తెలియదు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో బాలనాగమ్మకు పక్షవాతం వచ్చింది. పొద్దున చీపురు పట్టుకోబోతే పట్టు దొరకలేదట. మహబూబ్‌నగర్ దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. మాట పోలేదు, కాలు మెల్లగా దారికొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. పల్లెలో ఎక్సర్‌సైజులు చేయించేవాళ్లు లేరని కురుమయ్య అక్కను వనపర్తికి తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. వెంకటన్న చేను విడిచి రాలేక అటూ ఇటూ తిరిగేవాడు.

వనపర్తి దవాఖానలో ఎక్సర్‌సైజుల మేడమ్ ఓపిగ్గా నేర్పింది. చెయ్యి లేపాలి, దించాలి, మళ్లీ లేపాలి, ఇంట్లో రోజూ చేయాలి. బాలనాగమ్మ కొన్నాళ్లు చేసి మానేసింది. ఎందుకు మానావని నేనొకరోజు గట్టిగానే అడిగాను.

"పనిపాట లేకుండ ఉత్తగ చెయ్యి లేపుడేంది బిడ్డా? గాలిల ఏముందని లేపాలె?" అంది. ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, ఎవరో మరిచిపోయి పోయిన వస్తువును చూసినట్టు చూసింది. పుట్టి బుద్ధెరిగాక పని లేకుండా ఆ చెయ్యి ఒక్కసారైనా లేచి ఉండదు. పని లేకుండా లేవడం దానికి తెలియదు.

ఆమెకు అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఒక్కతే కూతురు మానస. బల్మూర్‌లో ఇచ్చారు. పెళ్లయి మూడో ఏడు. మా దగ్గర మూడో ఏట తల్లిగారింట్లో ఆడపిల్లకు ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, వక్కలు, రైకగుడ్డ. బిడ్డ కొంగు చాచి నిలబడితే తల్లి ముందు దోసిలి పట్టి పోస్తుంది, తర్వాత మిగతా ముత్తయిదువలు. దోసిలి అంటే రెండు చేతులు. ఎడమచెయ్యి ఒక్కదాంతో పోస్తే దాన్ని ఒడిబియ్యం అనరు. మానసను అత్తగారి వాడకట్టులో ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు, తల్లిగారోళ్లు ఇంకా ఒడి నింపలేదా అని. ఇంకెవరితోనైనా పోయిద్దామంటే బాలనాగమ్మ ఒప్పుకోలేదు.

"నా బిడ్డ ఒడి నా చేతులతోనే నిండాలె. చెయ్యి రానీ, అప్పుడు పోస్త" అనేది. ఎప్పుడొస్తుందో ఆమెకూ తెలియదు.

అప్పుడు కురుమయ్యకు పాత గేము గుర్తొచ్చింది. రిమోట్ మిషన్ దుమ్ము దులిపి ఇంట్లో టీవీకి తగిలించాడు. నా దగ్గరికొచ్చి వెడల్పాటి ఎలాస్టిక్ ముక్క తీసుకుని, నన్నూ వెంట తీసుకుపోయి, రిమోట్‌ను అక్క కుడిచేతికి కట్టాడు. టెన్నిస్ పెట్టాడు. "అక్కా, బంతి వస్తది, కొట్టాలె. అంతే" అన్నాడు.

బాలనాగమ్మ మొదట సిగ్గుపడింది. ఒక బంతి పోయింది, రెండోది పోయింది. మూడోది ఎట్లా తగిలిందో తగిలింది, టీవీలో జనం చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం చూడటం నాకదే మొదటిసారి. "ఏందిరా ఇది, నాకు చప్పట్లు కొడుతుండ్రు!" అంది. కురుమయ్య మొహం తిప్పుకుని వైరు సర్దుతున్నట్టు నటించాడు. అతను ఏడుస్తున్నాడని మాకిద్దరికీ తెలుసు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే అతని షట్టర్ సగం దిగేది. అక్కాతమ్ముళ్లు ఇంట్లో టీవీ ముందు ఉండేవాళ్లు. బాలనాగమ్మ పాయింట్లు పెరుగుతూ పోయాయి. వాడకట్టు ఆడవాళ్లు చూడటానికొచ్చి, ఆడబోయి ఓడిపోయేవాళ్లు. అన్నం తినే వేళకు పిలిచినా ఇంకొక ఆట అనేది. కురుమయ్య కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, అక్క చెయ్యి వచ్చేసిందని. దీపావళి వెళ్లినాక మంచిరోజు చూసి ఒడిబియ్యం పెట్టేసుకున్నారు. మానస ఫోన్లోనే ఏడ్చిందట.

ఆ ఒడిబియ్యానికి బాలనాగమ్మ కట్టుకునే చీర మీదికి రైక నేనే కుట్టాలి. కొలత తీయడానికి వాళ్లింటికి పోయాను. "చెయ్యి జర లేపక్కా" అన్నాను. ఆమె ఎడమవైపుకు వంగింది. కుడిచెయ్యి ముందుకు వేలాడింది. లేవలేదు. మళ్లీ లేపమన్నాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని లేపింది. నేను టేపు మెడలో వేసుకుని, ఆట ఒకసారి ఆడి చూపించమన్నాను. అప్పుడు తెలిసింది. బంతి రాగానే ఆమె నడుము ఊగేది, భుజం విసురుకునేది, చెయ్యి కొంగులాగా దాని వెనకే పోయేది. ఆ ఊపుకు రిమోట్ కదిలేది, పాయింటు పడేది.

నేను షాపుకొచ్చి కురుమయ్యను బయటికి పిలిచాను. నీళ్లు నమలడం నాకు రాదు.

"కురుమన్నా, అక్క చెయ్యి లేస్తలేదు. నడుము ఊగుతున్నది, చెయ్యి దాని ఎంబడి పోతున్నది, గంతే."

"పాయింట్లు ఉత్తగనే వస్తున్నయా?"

"పాయింట్లు రిమోట్‌కు వస్తున్నయి. చేతికి కాదు."

"నీ బట్టలు నువ్వు కుట్టుకో నవనీతమ్మా. నా అక్క సంగతి నాకు తెల్వదా?" అని లోపలికి పోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నా చెవిలో జోరీగలా రిమోట్ మనిషిని చూడదు, మణికట్టునే చూస్తుందని మొత్తుకున్నది ఇతనే కదా! హమాలీ రాములు ఓడిపోయిన రోజు ముఖం మాడ్చుకున్నది ఇతనే కదా! తెలిసిన సంగతిని కూడా ఆశ మరిపిస్తుంది. బాగుపడుతున్నదని నమ్మాలనుకున్నాడు, నమ్మాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మేం మాట్లాడుకోలేదు. రైక మాత్రం కుట్టి పంపాను, భుజం దగ్గర వదులుగా, తొడగడానికి తేలికయ్యేటట్టు.

ఒడిబియ్యం గద్వాల అవతల వాళ్ల సొంతింట్లోనే పెట్టారు. బాలనాగమ్మ పట్టుబట్టి పిలిస్తే నేనూ పోయాను. చాప మీద పసుపు బియ్యం రాశిగా పోశారు. మానస కొత్తచీర కట్టి కొంగు చాచి తూర్పుముఖంగా నిలబడింది. పెద్దదిక్కుగా వెంకటన్న మేనత్త జములమ్మ పక్కనుండి చెబుతోంది. ఆమె మాటంటే ఆ ఇంట్లో మగవాళ్లకు కూడా హడల్.

బాలనాగమ్మ వంగింది. ఎడమచేయి బియ్యంలోకి పోయింది. కుడిచేయి పోలేదు. నడుము ఊపింది, టీవీ ముందు ఊపినట్టే. చెయ్యి బియ్యం మీద పడింది కాని వేళ్లు విచ్చుకోలేదు. ముడుచుకున్న కుడిచేతిని ఎడమచేతికి ఆనించి ఎట్లాగో దోసిలి అనిపించి లేపబోయింది. రెండు చేతుల మధ్య నుంచి బియ్యమంతా జారి నేల మీద పడ్డాయి. మానస ఒడిలోకి ఒక్క గింజ చేరలేదు.

జములమ్మే అంది, "కిందపడ్డయి తొక్కకుండ్రి. ఇంకెవరన్న ముందు పోయుండ్రి, టైం పోతున్నది."

మానస కొంగు ముడిచేసింది. "మా అమ్మ పోసినంకనే ఎవరన్న. లేకుంటే నాకు ఒడిబియ్యమే వద్దు" అంది. బాలనాగమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. వచ్చినవాళ్లు అన్నాలు తిని, తాంబూలాలు తీసుకోకుండానే వెళ్లిపోయారు. కురుమయ్య మగవాళ్లతో పాటు అరుగు మీద నిలబడి అంతా చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

వనపర్తికి వచ్చాక షాపుకొచ్చి స్టూలు లాక్కుని నా మిషన్ ఎదురుగా కూర్చున్నాడు. "రాములుకు తెలిసింది నాకు తెల్వకపాయె చెల్లె. నువ్వు చెప్పినా ఇనకపోతి" అన్నాడు. నాకు నోటిదాకా ఒక మాట వచ్చింది, మింగేశాను. అతని ముఖం చూశాక అనబుద్ధి కాలేదు.

అక్కను మళ్లీ వనపర్తికి రప్పించడానికి చాలా బతిమాలాల్సి వచ్చింది. ఈసారి అటక మీది మూట దించాడు. ప్యాంటును మనిషనుకున్న కెమెరా మిషన్. ఇంట్లో మంచాలన్నీ బయట వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, టీవీ ముందు జాగా చేశాడు. ఆటలేవీ పెట్టలేదు. ఆట మొదలయ్యే ముందు, మనిషి సరిగ్గా కనిపిస్తున్నాడా లేదా చూసుకోవడానికి ఆ మిషన్‌లో ఒక బొమ్మ వస్తుంది. మనిషి ఆకారం నీడలా ఉంటుంది, దాని మీద మెడ, భుజం, మోచెయ్యి, నడుము గీతలుగా కనిపిస్తాయి. ఆడేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు, దాటేస్తారు. కురుమయ్య అక్కడే ఆపేశాడు.

బాలనాగమ్మ నడుము ఊపింది. తెర మీద నడుము గీతే ఊగింది, కుడిచేతి గీత వేలాడుతూ ఉండిపోయింది. ఇక్కడ దొంగాట కుదరదు. ఆమె చాలాసేపు ఆ వేలాడే గీతను చూసి ఏడ్చింది. ఎందుకు చూపిస్తున్నావురా ఇది నాకు అని తమ్ముణ్ని తిట్టింది. అతను తిట్లన్నీ విన్నాడు. తర్వాత ఎర్ర కాగితం చించి, టీవీ అద్దం మీద, ఆమె నీడ పొట్టకు కొంచెం పైగా అంటించాడు.

ఆమె ఏడుపు ఆపింది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పువ్వు రుద్దాలెనా?" అంది.

"అవునక్కా. పొద్దెక్కుతున్నది, ఈ సాలు ఇంకా కాలేదు."

ఆ మాట విన్నాక నేను గుమ్మంలో నిలబడలేక బయటికొచ్చాను.

రోజూ ఆమె నీడచెయ్యి ఎర్ర కాగితాన్ని తాకాలి. నడుము వంచితే కురుమయ్య "నడుమక్కా!" అని అరిచేవాడు. తాకితే కాగితం జానెడు కాదు, వేలెడు పైకి జరిపేవాడు. తొందరపడితే, "మొగ్గ రాలుతది, మెల్లగ" అనేవాడు. ఆ మాటకు ఆమెకు కోపం వచ్చేది, "నాకే నేర్పుతున్నవారా క్రాసింగు?" అని. కాని మెల్లగా లేపేది. పాయింట్లు లేవు, చప్పట్లు లేవు. ఉగాదికి చెయ్యి పొట్ట దాటింది. వానాకాలం మొదలయ్యేటప్పటికి ఛాతీ దాకా, ఎవరి సాయం లేకుండా, నడుము వంగకుండా వచ్చింది. నేను టేపు పెట్టి చూశాను. ఈసారి కురుమయ్యే చూడమన్నాడు.

దవాఖాన మేడమ్ కూడా సంతోషించింది. చెయ్యి బాగుంది, ఇక వేళ్ల సంగతి చూడాలంది. అక్కడే వచ్చింది చిక్కు. ఆ మిషన్‌కు వేళ్లు తెలియవు. తెర మీద చెయ్యి చివర ఒక ముద్ద కనిపిస్తుంది, అంతే. పిడికిలి మూసినా ముద్దే, తెరిచినా ముద్దే. కురుమయ్య దాన్ని ఎటు తిప్పినా, ఎంత దగ్గర పెట్టినా వేళ్లు కనిపించలేదు. ఆ తర్వాత వచ్చేవాటిలో వేళ్లు కూడా కనిపించేవేమో. అసలు రావడమే ఆగిపోయింది కదా.

"పిలగాండ్లకు విసుగొచ్చిందని ఆపిండ్రట చెల్లె" అన్నాడు ఒకరోజు. అంత కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "విసుగొచ్చింది పిలగాండ్లకు. మా అక్కనడిగిండ్రా? మా అక్కసొంటోళ్లను ఒక్కరినన్న అడిగిండ్రా?"

ఏళ్ల కింద, అది చూడకపోతే ఏం పోతుందని అతన్ని అడిగింది నేనే. ఏం పోయిందో ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది.

వానలకు కరెంటు ఎక్కువ తక్కువై ఒకరోజు ఆ మిషన్ అడాప్టర్ కాలిపోయింది. హైదరాబాదు పోయి దుకాణం దుకాణం తిరిగాడు. ఇప్పుడెవరు వాడుతున్నరు భాయ్, తుక్కులో చూసుకో అన్నారట. తుక్కులోనూ చూసొచ్చాడు. వెనక లైటు పెట్టి గోడ మీద నీడ పడేటట్టు చేసి, గోడకు ఎర్ర కాగితాలు అంటించాడు. బాలనాగమ్మ రెండుమూడు రోజులు చేసి చాలించింది.

"నీడ నేనెట్లంటే గట్ల ఇంటది తమ్మీ. ఆ మిషన్ నన్ను చూస్తుండె" అంది. ఇంకొన్నాళ్లు ఆగి తనే చెప్పింది, "మిషన్ ఇంక రాదు. వచ్చిన కాడికి వచ్చింది. పిల్లను పిలువుండ్రి, ఒడిబియ్యం పోస్త."

వేళ్లు విచ్చుకోవు కదక్కా అని నేనన్నాను. విచ్చుకోకున్నా పోస్తానంది.

శ్రావణంలో మళ్లీ అదే ఇంట్లో, అదే చోట చాప పరిచారు. పోయినసారి వచ్చినవాళ్లు సగమే వచ్చారు. జములమ్మ ముందే తేల్చి చెప్పింది, "దోసిలి గాకున్నా ఏం గాదు, కుడిచెయ్యి అయితే సాలు. ఐదుసార్లు పోయాలె." మానస కొంగు చాచింది.

బాలనాగమ్మ ఎడమచేత్తో బియ్యం తీసి, ముడుచుకుని ఉన్న కుడి వేళ్ల మధ్యకు కూరుకుంది. తర్వాత కుడిచెయ్యి లేపింది. నడుము వంగలేదు. భుజం ఎగరలేదు. పిడికిలి మెల్లగా పైకొచ్చి, మానస ఒడి మీదికి వచ్చి ఆగింది. అంతవరకు ఆ చెయ్యి తెచ్చింది. పిడికిలి మాత్రం విచ్చుకోలేదు. ఆమె పెదవి కొరుక్కుంది. మెడ నరాలు లేచాయి. వేళ్లు కదలలేదు. చెయ్యి వణకడం మొదలైంది.

అరుగు మీది నుంచి కురుమయ్య లోపలికి వచ్చేశాడు. ఆడవాళ్ల మధ్యలోకి, చెప్పులు విడిచి, నేరుగా.

"ఏయ్, మగోళ్లకు ఏం పని ఈడ?" అంది జములమ్మ.

అతను వినలేదు. అక్క పిడికిలి కింద తన ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో ఆమె వేళ్లను ఒక్కొక్కటీ విప్పాడు. ముందు చిటికెనవేలు, తర్వాత పక్కది. బియ్యం జలజలా మానస ఒడిలో పడ్డాయి. కింద ఒక్క గింజ పడలేదు. జములమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని "ఒకటి" అంది.

రెండోసారీ అట్లాగే. మూడోసారి, నాలుగోసారి అట్లాగే. ఐదోసారి బియ్యం నింపుకుని పిడికిలి ఒడి మీదికి తెచ్చాక, కురుమయ్య చెయ్యి చాపబోతే బాలనాగమ్మ తల అడ్డంగా ఊపింది.

"జరుగు తమ్మీ" అంది. "ఇది నేనే పోస్త."

అతను జరిగాడు. సాయానికి పోకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆమె ఎవరినీ చూడలేదు, తన పిడికిలినే చూసింది. వేళ్లు విచ్చుకోలేదు. కాని చూపుడువేలు కొంచెం సడలింది. ఆ సందులోంచి ఒక గింజ రాలింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత రెండు. లోపల పొయ్యి మీద అన్నం పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది, దించడానికి లేచినవాళ్లు లేరు. మానస చేతులు నొప్పి పుట్టి వణుకుతున్నాయి, కొంగు మాత్రం దించలేదు. పిడికిలి ఖాళీ అయ్యేదాకా అట్లాగే నిలబడింది.